కాటా అక్క దాచిన చీటీలు

ఆమెను అందరూ కాటా అక్క అనేవారు. ఊరి చివర సరుకుల రోడ్డు మలుపు తిరిగే చోట లారీలు తూచే కాటా ఒకటి ఉంది. నేలలో పాతిన ఇనుప పలక, దాని పక్కన ఒకరు కూర్చుంటే రెండోవారు నిలబడాల్సినంత గది, ఆ గదికో కిటికీ. ఇరవై రెండేళ్లుగా ఆ కిటికీ వెనక కూర్చున్నది ఆమే. లారీ నిండుగా వచ్చినప్పుడు ఒకసారి, సరుకు దింపి ఖాళీగా వెళ్లేటప్పుడు ఒకసారి తూచి, తేడా చీటీ మీద రాసి, ముద్ర కొట్టి ఇచ్చేది. వంద కిలోలు అటో ఇటో సర్దమని డ్రైవర్లు బతిమాలితే, “నాదేముంది నాయనా, ముల్లు ఎంత చెబితే అంత” అని నవ్వేది. సర్దేది మాత్రం కాదు.

ఒక చీటీ డ్రైవరుకి, ఒకటి సరుకు యజమానికి పోగా, మూడోది కార్బన్ నకలుగా పుస్తకంలోనే మిగిలేది. నిండిన పుస్తకాలన్నీ మంచం కింద ఇనుప ట్రంకులో పెట్టేది. పెళ్లినాటి ఫొటోలు చెదలు తింటే ఊరుకుంది గానీ చీటీ పుస్తకాలకు మాత్రం ఏటా ఎండ చూపిస్తుందని భర్త వేళాకోళం చేసేవాడు. ఆయన క్షౌరశాల నడిపేవాడు. ఆ వృత్తిలో ఉండి కూడా నోట్లో నాలుక లేని మనిషి. కబుర్ల కోసం వచ్చినవాళ్లు కూడా ఆయన కుర్చీలో కూర్చుంటే నిద్రపోయేవారు.

బడి కాటా వెనక వీధిలోనే ఉండేది. రెండంతస్తుల కొత్త కట్టడం. దానికి సున్నం వేసి ఇంకా రెండేళ్లు కాలేదు. ఒకరోజు పదిన్నరకు విరామం గంట కొట్టిన కాసేపటికి పెద్ద చప్పుడు వినిపించింది. ఎవరో లారీ కంకర గుమ్మరించారనుకుని ఆమె కిటికీలోంచి తల బయట పెట్టింది. బడి వైపు నుంచి దుమ్ము మేఘంలా లేస్తోంది. ఆ తరవాత అరుపులు మొదలయ్యాయి.

కాటా మీద నిలబడి ఉన్న లారీలోంచి జాకీ లాక్కుని పరుగెత్తింది. పై వరండా శ్లాబు ఒక పక్కంతా విరిగి, కింద నీళ్ల కుళాయిల దగ్గర వరసలో నిలబడ్డ పిల్లల మీద పడింది. టీచర్లు గోళ్లతో సిమెంటు పెళ్లలు లాగుతున్నారు. ఆమె జాకీ కింద ఇటుకలు పేర్చి, శ్లాబు అంచున ఆనించి తిప్పింది. జానెడు లేచేసరికి ఒక పిల్లాడి కాళ్లు కనిపించాయి. లాగారు. బతికే ఉన్నాడు. ఇంకో అమ్మాయిని లాగారు. తొడ ఎముక తోలు చీల్చుకుని బయటకు వచ్చి ఉంది, అయినా ఏడుస్తోంది. ఏడుస్తున్నందుకు అక్కడున్నవాళ్లంతా ఊపిరి పీల్చుకున్నారు. మూడో పిల్లను లాగేసరికి ప్రాణం లేదు. దర్జీ ఆవిడ కూతురది. తొమ్మిదేళ్లు. ముఖం ఉండాల్సిన చోట చూడకుండా కాటా అక్క తన చీర మీద వేసుకున్న చొక్కా విప్పి కప్పింది.

అలా కప్పి లేస్తూ విరిగిన శ్లాబు అంచు చూసింది. ఇరవై రెండేళ్లు ఇనుము తూచిన కళ్లవి. బొటనవేలు లావు చువ్వలు జానెడుకొకటి ఉండాల్సిన చోట, చిటికెన వేలంత చువ్వ ఒకటి ఇక్కడా, ఇంకొకటి బారెడు అవతలా ఉంది.

పిల్లను పూడ్చిన మర్నాడు బడి పిల్లల తల్లిదండ్రులంతా క్షౌరశాలలో చేరారు. పెద్ద చోటని కాదు, బెంచీలున్నాయని. పుట్టెడు దుఃఖంలో ఉన్న దర్జీ ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ బడి లెక్కల మాస్టారే మాట్లాడాడు. బక్కపలచని మనిషి, పిల్లలమీద కూడా గొంతెత్తడు. బడులన్నిటికీ డబ్బు ఖర్చు పెట్టేది బడుల బోర్డు కాబట్టి, ఆ కట్టడానికి ఎంత ఇనుము కొన్నారో, ఎవరికి ఎంత ఇచ్చారో కాగితాలు చూపించమని బోర్డును అడగాలన్నాడు. అడిగారు. దరఖాస్తు తప్పుగా రాశారని ఒకసారి, రుసుము తక్కువ కట్టారని ఇంకోసారి, గుమాస్తా సెలవులో ఉన్నాడని మరోసారి తిప్పారు. మాస్టారు చెప్పులరిగేలా తిరిగాడు. నాలుగు నెలలకు రెండు వందల పన్నెండు పేజీల కట్ట చేతిలో పెట్టారు.

ఆ కట్ట పట్టుకుని మాస్టారు ఒక మధ్యాహ్నం కాటా దగ్గరకు వచ్చాడు. వెనక దర్జీ ఆవిడ కూడా ఉంది. మాస్టారు ఒక పేజీ కిటికీలోంచి లోపలికి తోశాడు. ఇనుము బిల్లుకు జత చేసిన తూకం చీటీ అది. అలాంటివి పద్నాలుగు ఉన్నాయి. పద్నాలుగు లారీల ఇనుము ఈ కాటా మీదే తూచినట్టు, ప్రతిదాని మీదా ఆమె ముద్ర.

“ఈ ముద్ర మీదేనా?” అని అడిగాడు మాస్టారు. అక్కా అనలేదు.

ఆమె కాగితం చూడ్డం మాని దర్జీ ఆవిడను చూసింది. కూతురిని జాకీ పెట్టి లాగిన మనిషి వైపు ఒక తల్లి అలా అనుమానంగా చూడాల్సి రావడం కాటా అక్కకు చెంపదెబ్బలా తగిలింది. ఒళ్లంతా మండిపోయింది. గదికి తాళం వేసి, ఇద్దరినీ ఇంటికి తీసుకెళ్లి, మంచం కింద నుంచి ట్రంకు ఈడ్చింది. ఆ ఏడాది పుస్తకం తీసింది. పద్నాలుగు బిల్లులూ మూడు తేదీలవే, ఆ తేదీలకు పుస్తకంలో చీటీలే లేవు. ఆ మూడు రోజులూ కాటా పలక ఊడదీసి మరమ్మతు చేశారు. మరమ్మతు చేసినవాడి రసీదు ఆ పేజీకి అతికించి ఉంది.

“పలకే లేనప్పుడు పద్నాలుగు లారీలు ఎక్కడ ఎక్కాయి, నా నెత్తినా?” అంది.

ముద్ర దొంగది. కట్టలోనే ఉన్న మిగతా బడుల బిల్లులు కూడా చూస్తే మరో పది కట్టడాలకు అదే కథ. పుస్తకాల ప్రకారం బడుల పేరున తూగిన ఇనుము మొత్తం నాలుగు లారీలు. దర్జీ ఆవిడ ఆ సాయంత్రం వెళ్లేటప్పుడు కాటా అక్క చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. తప్పుగా అనుకున్నానని నోటితో చెప్పలేదు, ఈమె చెప్పించుకోలేదు.

ఆ కట్టడాలన్నీ కట్టిన కాంట్రాక్టరును పెద్దమేస్త్రీ అనేవారు. ఒకప్పుడు తాపీ పట్టినవాడే. ఇప్పుడు నాలుగు లారీలు, రెండు ఇళ్లు, బోర్డులో డబ్బు లెక్కలు చూసే ఖజానా సారుతో కంచం పొత్తు. పుస్తకాల సంగతి ఎలా తెలిసిందో గాని వారం తిరక్కముందే కాటా దగ్గర కారు దిగాడు. ఆమె తండ్రి తనకు తెలుసునన్నాడు, కొత్త కాటా పెట్టిస్తానన్నాడు, పాత కాగితాలు ఇంట్లో ఉంటే పురుగూ పుట్రా చేరతాయన్నాడు. ఆమె వింటూనే, వచ్చిన లారీ తూచి చీటీ ఇచ్చింది. చివరికి అతను కిటికీ చువ్వల మధ్య నుంచి ముఖం దగ్గరగా పెట్టాడు.

“ఊళ్లో చాలామంది పడిపోతుంటారమ్మా. శ్లాబు కిందే పడాలని లేదు” అన్నాడు మెల్లగా.

ఆమె ఆ పూటే పుస్తకాలు దర్జీ దుకాణానికి చేర్చింది. బడి బట్టల తానుల కింద పెట్టి, పైన ఇస్త్రీ బల్ల జరిపారు.

నాలుగో రోజు పదకొండు గంటలకు ముగ్గురు మనుషులు క్షౌరశాలలోకి వచ్చారు. కుర్చీలో ఒకాయన ముఖం నిండా నురగతో ఉన్నాడు. వాళ్లు తలుపు వేస్తుంటే మెడకు కట్టిన గుడ్డతో సహా లేచి పారిపోయి, సగం గడ్డంతో పోలీసు స్టేషను దాకా పరుగెత్తాడు. ఊరు తరవాత చాలాకాలం ఆ సగం గడ్డం గురించి చెప్పుకుని నవ్వింది. లోపల జరిగినదానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. అద్దాలు పగలగొట్టారు. భర్తను ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టి, ఇద్దరు చేతులు పట్టుకున్నారు. మూడోవాడు ఆయన కత్తి తీసుకుని పుస్తకాలెక్కడని అడిగాడు. ఆయనకు నిజంగా తెలియదు. భార్య కావాలనే చెప్పలేదు. తెలియదన్న ప్రతిసారీ ఒక గీత గీశాడు. కణత నుంచి గడ్డం దాకా మూడు గీతలు.

ఆసుపత్రిలో ఇరవై తొమ్మిది కుట్లు వేశారు. కట్టు వెనక నుంచి ఆయన ఒక్కటే అన్నాడు. “ఇచ్చెయ్. పోయిన పిల్ల రాదు. నేను కూడా పోవాలా?”

ఆమె చాలాసేపు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. పుస్తకాలు మాత్రం ఇవ్వలేదు. ముగ్గురినీ గుర్తుపట్టలేమని రాసుకుని పోలీసులు వెళ్లారు. ఆ రోజు నుంచి మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు. ఆయన పక్క వంటగదిలోకి మారింది. ఆమె వండి పెడితే తినేవాడు, అంతే. మనిషి కష్టపెట్టుకోవడానికి కూడా నోరు లేనివాడైతే ఆ మౌనం ఇల్లంతా నిండుతుందని అప్పుడు తెలిసింది ఆమెకు.

ఈలోగా మాస్టారు రాసిన ఉత్తరాలకు పై ఆఫీసు కదిలింది. లెక్కల తనిఖీకి ఒక అధికారిణి వస్తుందని, బడి హాల్లో అందరి ముందూ విచారణ జరుపుతుందని కబురొచ్చింది. విచారణకు రెండు రోజులుందనగా కాటా దగ్గర మధ్యాహ్నం లారీలు లేని వేళ చూసి ఇద్దరు వచ్చారు. ముఖాలకు రుమాళ్లు కట్టుకున్నారు. ఒకడు ఆమె ఎడమ మణికట్టు పట్టి గుమ్మం అంచుకు అదిమాడు. రెండోవాడు ఇనుప తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పుస్తకాలెక్కడో చెప్పమన్నాడు. ఆమె పెనుగులాడుతూ తల విసిరింది. మణికట్టు పట్టినవాడి రుమాలు జారింది. ఎవరో అని చూసేలోపే రెండోవాడు తలుపు దబాలున వేశాడు. నడిమి వేలూ ఉంగరపు వేలూ ఎండుపుల్లల్లా విరిగాయి.

గుమ్మం పక్కన పలక కింద కంకర తీసే గునపం ఉంటుంది. కుడిచేత్తో అది అందుకుని కింద నుంచి కొట్టింది. పట్టుకున్నవాడి మోకాలికి తగిలింది. వాడు కూలబడ్డాడు. అప్పుడు చూసింది. సొంత చెల్లెలి మొగుడు. పెద్దమేస్త్రీ లారీ నడుపుతూ పొట్ట పోసుకునేవాడు.

“వదినా, పుస్తకాలిచ్చెయ్. లేకపోతే నన్ను బతకనివ్వరు” అన్నాడు ఏడుస్తూ.

ఆమె గునపం మళ్లీ ఎత్తి అదే మోకాలి మీద దించింది. కుండ పగిలినట్టు చప్పుడైంది. రెండోవాడు ఆ చప్పుడుకే పారిపోయాడు. ఆమె గునపం వదిలి, వాంతి చేసుకుని, తరవాత తన చేత్తోనే ఆసుపత్రి బండికి ఫోను చేసింది. ఇద్దరినీ ఒకే బండిలో తీసుకెళ్లారు. దారి పొడుగునా అతను మూలుగుతూనే ఉన్నాడు. ఆమె తన వేళ్ల వైపు చూస్తూ కూర్చుంది. ఆసుపత్రి నడవలో చెల్లెలు ఎదురుపడి, నువ్వు నా తోడబుట్టినదానివి కాదని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది.

విచారణ నాటికి హాల్లో కాలు పెట్టే సందు లేదు. బల్లకు ఒక పక్క అధికారిణి, ఇంకో పక్క ఖజానా సారు, వెనక వరసలో పెద్దమేస్త్రీ, అతని మనుషులు పదిమంది. కాటా అక్క ఎడమ చేతికి పిండికట్టుతో వచ్చింది. దర్జీ ఆవిడ, మాస్టారు పుస్తకాలు మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. గుమ్మం దగ్గర ఆమె భర్త కూడా కనిపించాడు. కట్టు విప్పిన ముఖంతో నిలబడ్డాడు.

అధికారిణి బిల్లు తేదీ చదివితే కాటా అక్క తన పుస్తకంలో ఆ తేదీ పేజీ చదివింది. అలా పద్నాలుగుసార్లు. పద్నాలుగుసార్లూ ఆమె చదివింది ఒకటే, ఆ రోజు పలక లేదని. అధికారిణి ఖజానా సారును అడిగింది. కాగితాలు కిందివాళ్లు పెడితే తాను సంతకం చేశానన్నాడు. అప్పుడు దర్జీ ఆవిడ లేచింది. ఇన్ని నెలల్లో ఆమె గొంతు చాలామంది వినడం అదే మొదలు.

“నా కూతురి మీద పడ్డ శ్లాబులో ఎన్ని చువ్వలుండాలి సార్?”

ఖజానా సారు జవాబు కోసం వెనక వరసలో పెద్దమేస్త్రీ వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆ చూపును హాలంతా చూసింది. దర్జీ ఆవిడ బల్ల దాటి వెళ్లి ఖజానా సారు కాలరు పట్టుకుంది. పెద్దమేస్త్రీ మనిషొకడు ఆమెను జుట్టు పట్టి వెనక్కి విసిరాడు. తల బెంచీ మూలకు కొట్టుకుని రక్తం చిమ్మింది.

ఆ తరవాత ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. కుర్చీలు గాల్లో లేచాయి. ఒకతని పళ్లు అధికారిణి కాగితాల మీద పడ్డాయి. పెద్దమేస్త్రీ కిటికీలోంచి దూకి పారిపోయాడు. ఖజానా సారు భారీ మనిషి, దూకలేకపోయాడు. జనం అతన్ని గోడకు నొక్కి, కింద పడేసి, కాళ్లతో, బెంచీ చెక్కలతో కొట్టడం మొదలుపెట్టారు. నెలల తరబడి దరఖాస్తులు పట్టుకుని తిరిగిన మంచి మనుషులే అందరూ. అతని చెవి చీలి వేలాడుతోంది. అరవడం మానేశాడు.

కాటా అక్కకు అతన్ని కాపాడాలన్న జాలేమీ లేదు. భర్త ముఖం గుర్తుంది, తన వేళ్లు సలుపుతున్నాయి. అయినా జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వెళ్లి అతని మీద అడ్డంగా పడింది. దిగుతున్న చెక్క ఆమె భుజం మీద పడింది. భుజం గూడు జారింది. నొప్పితోనే తల తిప్పి చూసింది. ఆ చెక్క పట్టుకున్నది లెక్కల మాస్టారు.

“వీడు చస్తే మిగతా పేర్లు ఎవడు చెబుతాడు మాస్టారూ?” అంది.

మాస్టారు చేతిలో చెక్క వైపు, అది తనదేనా అన్నట్టు చూసుకున్నాడు. కింద పడేశాడు. మరో రెండు తన్నులు ఆమె నడుముకు తగిలాక మిగతావాళ్లు కూడా ఆగారు. భర్త ఎలా దూరి వచ్చాడో గాని వచ్చి ఆమెను లేపి కూర్చోబెట్టాడు. వారాల తరవాత ఆమెతో మాట్లాడిన మొదటి మాట, “చెయ్యి కదపకు” అన్నది.

ఖజానా సారు బతికాడు. ఆసుపత్రి మంచం మీద నుంచే తొమ్మిది పేర్లు చెప్పాడు. చావు కళ్లజూసినవాడు కాబట్టి కాస్త ఎక్కువే చెప్పాడన్నారు. పెద్దమేస్త్రీని పక్క ఊళ్లో బంధువుల ఇంట్లో పట్టుకున్నారు. ఎనిమిదేళ్ల శిక్ష పడింది. బోర్డు అధ్యక్షుడి సంతకం ఏ కాగితం మీదా లేదు కాబట్టి ఆయన దర్జాగానే తిరిగాడు. తిన్న సొమ్ములో మూడో వంతు మాత్రం వెనక్కి వచ్చింది. పదకొండు బడుల వరండాలు పడగొట్టి మళ్లీ కట్టారు. పడగొడుతున్నప్పుడు రెండు వాటంతటవే కూలాయి.

పెద్దమేస్త్రీ మీద కోర్టులో సాక్ష్యం చెప్పినవాళ్లలో చెల్లెలి మొగుడు ఒకడు. ఊతకర్రతో వచ్చి, తనను ఎవరు పంపారో, క్షౌరశాలకు ఎవరు వెళ్లారో అంతా చెప్పాడు. ఆ కేసు అయ్యాక తన మోకాలు విరగ్గొట్టినందుకు కాటా అక్క మీద వేరే కేసు పెట్టాడు. ఆ కాలు ఇక వంగదని డాక్టర్లు తేల్చారు. కాటా అక్క వకీలు ఆమెకు నేర్పింది ఒకటే. ప్రాణభయంతో కొట్టానని, ఎవరో తెలియదని చెప్పమన్నాడు. రుమాలు కట్టుకున్నవాడిని ఎలా గుర్తుపడతామని తాను వాదిస్తానన్నాడు.

జడ్జి అడిగినప్పుడు ఆమె బోనులోంచి వకీలు వైపు చూడలేదు. “మొదటి దెబ్బకి ఎవరో తెలీదండీ. రెండో దెబ్బకి తెలుసు. అప్పటికి అతను నన్ను వదిలేశాడు” అంది.

వకీలు తల పట్టుకున్నాడు. ఏడాది శిక్ష వేసి, పరిస్థితులు చూసి జైలుకు పంపకుండా, మంచి నడవడికతో ఉండాలన్న షరతు మీద వదిలారు. వైద్యం ఖర్చు మొత్తం కట్టమన్నారు. కాటా గదిలో కూర్చుని మూడేళ్లు నెలనెలా కట్టింది. భర్త కూడా తన వంతు కలిపేవాడు. ముఖాన మూడు గీతలున్న మంగలి దగ్గరకు ఎవరొస్తారని ఆయన భయపడ్డాడు గాని, మునుపటికన్నా ఎక్కువమందే వచ్చారు. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం కుర్చీలో నిద్రపోయేవారు కాదు.

ఇప్పుడు మూడు నెలలకోసారి బడి హాల్లో తల్లిదండ్రులు కూర్చుంటారు. బోర్డు గుమాస్తా బిల్లులు చదవాలి, ఎవరు ఏది అడిగినా కాగితం చూపించాలి. అలా రాయించుకున్నారు. వంకర తిరిగిన రెండు వేళ్లతో కాటా అక్క పేజీలు తిప్పుతుంది. నుదుటి మీద మచ్చతో దర్జీ ఆవిడ పక్కన ఉంటుంది. మాస్టారు కూడికలు చూస్తాడు. ఆ రోజు తరవాత ఆయన గొంతు మరీ చిన్నదైపోయింది. రెట్టించి అడిగితే గాని వినిపించదు.

మొన్న జరిగిన సమావేశంలో చివరి బెంచీలో చెల్లెలు కనిపించింది. పిల్లను ఆ బడిలోనే చేర్చిందట. అక్క వైపు చూడలేదు. కుళాయిల బిల్లు వచ్చినప్పుడు లేచి, గుమాస్తానే అడిగింది. “ఆరు కుళాయిలకి డబ్బులిచ్చారు కదా, నాలుగే ఉన్నాయేం?” అంది. గుమాస్తా తడబడ్డాడు. ఆ కాగితం తనకిమ్మని కాటా అక్క చెయ్యి చాపింది. చదివి, లేచి బెంచీల మధ్య నుంచి నడిచి వెళ్లి, చెల్లెలి ముందు పెట్టింది. చెల్లెలు తల ఎత్తలేదు. అయితే కాగితం తనవైపు తిప్పుకుని, వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదవడం మొదలుపెట్టింది.